విజయపురి పునాదుల్లో ధర్మచక్రం

స్తూపం పూర్తయ్యాక దాని పునాది ఎవరికీ కనిపించదు. ఇటుక దాన్ని కప్పేస్తుంది. ఇటుక మీద సున్నం పూత, కింది వరసల్లో పలనాటి సున్నపురాతి పలకలు, వాటి నిండా బొమ్మలు. మూడో శతాబ్దంలో కృష్ణ కుడిగట్టున విజయపురికి వచ్చి ప్రదక్షిణ చేసిన భక్తుడి కంటికి ఆనింది ఆ తెల్లటి అండమే. దాని లోపల ఇటుక గోడలతో తీర్చిన పెద్ద చక్రం ఒకటి ఉంది. నడుమ నాభి, నాభి నుంచి అన్ని వైపులకూ సాగిన ఆకులు, ఆ ఆకుల కొసలను కలుపుతూ గుండ్రటి గోడ. బండి చక్రాన్ని నేల మీద పడుకోబెట్టినట్టు ఉంటుంది. కొన్ని చిన్న స్తూపాల్లో నాభి ఉండాల్సిన చోట స్వస్తికం ఉంది. ఎవరూ చూడరని తెలిసి కూడా ఆ మేస్త్రీలు దాన్ని అంత శ్రద్ధగా కట్టారు. నాగార్జునకొండలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా పట్టి నిలిపేది ఇదే. ఇక్కడ గోడ ఎటు నడవాలో నమ్మకమే నిర్ణయించింది.

ఈ రోజున నాగార్జునకొండ ఒక ద్వీపం. పల్నాడు జిల్లా మాచర్ల దాటి విజయపురి సౌత్ చేరితే రేవులో లాంచీ దొరుకుతుంది. నల్లమల కొండల నీడలు పడే నాగార్జునసాగర్ జలాశయం మీదుగా ప్రయాణం. మనం దిగే చోటు నిజానికి కొండ నెత్తి, మధ్యయుగాల కోట ఉన్న చోటు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ లాంచీ కింద, నీళ్ళ అడుగున ఉండిపోయింది. అక్కడ ముప్పైకి పైగా బౌద్ధ ఆరామాలు, నది ఒడ్డున దేవాలయాలు, రాతి మెట్ల రేవు, కోటగోడలు, జనం కూర్చుని చూసేందుకు మెట్లు కట్టిన రంగస్థలం ఉండేవి. ఇదంతా శాతవాహనుల తరువాత ఇంచుమించు నూరేళ్ళు ఏలిన ఒక చిన్న వంశం కాలం నాటిది.

ఆ నూరేళ్ళ కథలో నాకు ఇష్టమైనది ఆ ఇంటి మనుషుల సంగతి. వంశానికి మూలపురుషుడు వాశిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధం, వాజపేయం చేసినవాడు, మహాసేనుడైన కార్తికేయుణ్ణి కొలిచినవాడు. ఆయన సోదరి శాంతిశ్రీ మాత్రం బుద్ధుణ్ణి నమ్మింది. శాంతమూలుడి కొడుకు వీరపురుషదత్తుడు మేనత్తల కూతుళ్ళను పెళ్ళాడాడు. మన మేనరికానికి పదిహేడు వందల ఏళ్ళ నాటి రాతి సాక్ష్యం అది. ఆ మేనత్తల్లో ఒకరైన శాంతిశ్రీ, మేనల్లుడూ అల్లుడూ అయిన ఆ రాజు ఏలుబడి ఆరో ఏట మహాచైత్యమనే పెద్ద స్తూపాన్ని పూర్తి చేయించింది. ఆ తరువాతి తరంలో రాజైన ఎహువల శాంతమూలుడి తల్లి భట్టిదేవి బహుశ్రుతీయ శాఖ భిక్షువులకు విహారం కట్టించింది. వీరపురుషదత్తుడి కూతురు, వనవాసి రాజు భార్య కొడబలిశ్రీ మహీశాసకులకు మరొకటి కట్టించింది. మగవాళ్ళు యజ్ఞాలు, ఆడవాళ్ళు ఆరామాలు. ఒకే ఇంట్లో రెండు దారులు నడిచాయి. ఆ రెండు దారులూ ఊరి పటం మీద కూడా అచ్చుపడ్డాయి. దేవాలయాల్లో చాలావరకు నది ఒడ్డు పట్టుకుని ఉన్నాయి, ఆరామాలు లోయ లోపలికి, కొండల పాదాలకు జరిగాయి. స్నానం, సంకల్పం, అవభృథం కావాల్సిన మతానికి నీరు పక్కనే ఉండాలి. భిక్షకు ఊరికి దగ్గరగా, ధ్యానానికి ఊరి సందడికి దూరంగా ఉండాల్సినవాళ్ళకు కొండవాలు కావాలి.

రాణుల పేర్లు అందరూ చెబుతారు. మహాచైత్యం శాసనాల్లోనే ఇంకొక పేరు ఉంది, భదంత ఆనందుడు. ఆయన భిక్షువు, దీఘ, మజ్ఝిమ నికాయాలు కంఠస్థంగా వచ్చినవాడు. ఆయనే నవకర్మికుడు, అంటే పని దగ్గర నిలబడి కట్టడం నడిపించినవాడు. ఇటుకల లెక్క చూసే మనిషి, సూత్రాలు వల్లించే మనిషి ఒకరే అన్నమాట. చక్రం ఎక్కడ పడాలో, ఆకులు ఎన్ని ఉండాలో తేల్చేటప్పుడు శిల్పి ఒకవైపు, పండితుడు ఒకవైపు కూర్చుని బేరమాడాల్సిన పని లేకపోయింది. నాగార్జునకొండ కట్టడాల్లో మనకు కనిపించే ఆ పొందికకు ఇది ఒక కారణమని నేను అనుకుంటాను.

మహాచైత్యం వ్యాసం 106 అడుగులు. ఇంత పెద్ద కట్టడానికి లోపలికి దారి లేదు. గుడికి అలవాటుపడ్డ మనకు ఇది వెంటనే మింగుడుపడదు. ద్వీపం మీద మళ్ళీ కట్టిన పునాది చుట్టూ తిరుగుతూ ఒక పెద్దావిడ అక్కడి కాపలా మనిషిని అడిగింది: "గుమ్మం ఎటు నాయనా?"

"దీనికి గుమ్మం ఉండదమ్మా. చుట్టూ తిరగడమే."

"మరి దేవుడు?"

"లోపలే ఉన్నట్టు లెక్క."

ఆ కాపలా మనిషి చెప్పిన దానికన్నా సూటిగా ఏ పుస్తకమూ చెప్పలేదు. స్తూపం బుద్ధుడి దేహం. ఎవరి దేహంలోకి ఎవరు ప్రవేశిస్తారు? చుట్టూ నడవాలి, కుడిచేతి వైపు ఆయనను ఉంచుకుని. అందుకే ఇక్కడ కట్టడం పని అంతా ఆ నడకను తీర్చడమే. మధ్యభారతంలోని సాంచీలో నాలుగు దిక్కులా తోరణ ద్వారాలు నిలబెట్టారు. మన ఆంధ్ర స్తూపాల్లో తోరణాలు లేవు. వాటి బదులు నాలుగు దిక్కులా అండం నుంచి ముందుకు పొడుచుకు వచ్చే అరుగులు, ఒక్కొక్క అరుగు మీద ఐదేసి స్తంభాలు ఉంటాయి. వీటినే ఆయక స్తంభాలంటారు. ఈ ఐదూ బుద్ధుడి బతుకులో ఐదు ఘట్టాలకు గుర్తులు: పుట్టుక, ఇల్లు విడవడం, బోధి, మొదటి ఉపదేశం, మహాపరినిర్వాణం. దేన్నీ మోయని స్తంభాలవి, వాటి మీద కప్పు లేదు, దూలం లేదు. ఒక్క ప్రదక్షిణలో భక్తుడికి ఆ ఐదూ నాలుగుసార్లు ఎదురయ్యేవి. ఒక జీవితకథను పాదాలతో చదివించే ఏర్పాటు అది. కృష్ణా తీరంలో పుట్టిన ఈ ఆలోచన భారతీయ వాస్తుకు తెలుగు నేల ఇచ్చిన గొప్ప కానుకల్లో ఒకటని చెప్పడానికి నేను వెనకాడను.

ఇక ఆ చక్రం. ఇంజనీర్లు దానికి చక్కటి కారణం చెబుతారు. అంత పెద్ద అండాన్ని పూర్తిగా ఇటుకతో నింపితే ఖర్చు తడిసిమోపెడవుతుంది. ఆకుల్లాంటి గోడలు లేపి, మధ్య గదుల్లో మట్టి కూరితే ఇటుక మిగులుతుంది. లోపలి మట్టి బయటకు తోసే ఒత్తిడిని ఆ గోడలే పంచుకుంటాయి. కృష్ణా జిల్లా ఘంటసాల స్తూపంలోనూ ఈ పద్ధతే ఉంది. ఇదంతా నిజమే. కాని ఖర్చు తగ్గించడానికి చక్రమే అక్కరలేదు, గళ్ళు గళ్ళుగా గోడలు కట్టినా చాలు. చక్రవర్తి అస్థికల మీద ఎలా స్తూపం కడతారో తన అస్థికల మీదా అలాగే కట్టమని బుద్ధుడు చెప్పినట్టు మహాపరినిర్వాణ సూత్రంలో ఉంది. చక్రం చక్రవర్తిదీ, ధర్మానిదీ. ధర్మచక్రం మీద ఆయన దేహాన్ని నిలపడం ఆ కట్టినవాళ్ళకు పుణ్యకార్యం, అది గట్టిగా నిలబడటం వాళ్ళకు వృత్తి మర్యాద. ఈ రెంటినీ విడదీసి ఏది అసలు కారణమని అడగడం మన కాలపు అలవాటు. ఆనందుడికి ఆ ప్రశ్నే తట్టి ఉండదు.

1926లో స్థానిక ఉపాధ్యాయుడు సురపరాజు వేంకటరామయ్య ఈ లోయలోని శిథిలాల సంగతి శాసన శాఖవారి దృష్టికి తెచ్చారు. మరుసటి ఏడు నుంచి పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు సాగించారు. ఆయన మహాచైత్యంలో ధాతువు కోసం నడిమి నాభిలో వెదికితే ఏమీ దొరకలేదు. చక్రం ఆకుల మధ్య గదులను ఒక్కొక్కటే అడుగుదాకా తవ్వితే బయటి వైపున్న ఒక గదిలో దొరికింది. స్తూపం ఆకారంలో చేసిన చిన్న వెండి పేటిక, అందులో ఇంకా చిన్న బంగారు భరిణె, అందులో ఒక చిన్న ఎముక ముక్క ఉన్నాయి. పక్కన బంగారు పూలు, ముత్యాలు. నూట ఆరడుగుల కట్టడమంతా ఆ ఎముక ముక్క కోసమే. అది తరువాత సారనాథ్‌లోని మూలగంధకుటి విహారానికి చేరింది.

ఈ లోయలో నన్ను గంటల తరబడి ఆలోచనలో పడేసేవి ఆరామాల నేల పటాలు. మ్యూజియంలో శిల్పాలు చూసి మురిసిపోయే చాలామంది వీటి దగ్గర ఆగరు. ఆగాలి. అప్పట్లో బౌద్ధ సంఘం ఒకటిగా లేదు. అపరమహావినసేలియులు, బహుశ్రుతీయులు, మహీశాసకులు, సింహళం నుంచి వచ్చిన థేరవాదులు, ఎవరి ఆరామం వారిది. వాళ్ళ మధ్య నలిగిన పెద్ద ప్రశ్న ఒకటి: బుద్ధుడికి బొమ్మ చెయ్యవచ్చా? పరినిర్వాణం చెందినవాడికి రూపం కట్టడం తగునా? పాదముద్ర చాలదా, ఖాళీ సింహాసనం చాలదా, బోధివృక్షం చాలదా? ఈ వాదాన్ని గ్రంథాల్లో వెదకనక్కరలేదు, పునాదుల్లో ఉంది. కొన్ని ఆరామాల్లో ఒక స్తూపం, భిక్షువులకు మూడు వైపులా గదులు, నడుమ స్తంభాల మండపం, అంతే. మరికొన్నింటిలో వెనక భాగం గుండ్రంగా ఉండే చైత్యగృహం చేరింది. అందులో పూజకు చిన్న స్తూపం ఉంటుంది. ఇంకొన్నింటిలో చైత్యగృహాలు రెండు. ఒకదానికొకటి ఎదురెదురుగా, వాకిలికి వాకిలి చూసేట్టు. ఒకదానిలో స్తూపం, రెండోదానిలో బుద్ధ విగ్రహం.

ఆ ఎదురెదురు వాకిళ్ళ మధ్య నిలబడండి. ఇటు తిరిగితే రూపం లేని బుద్ధుడు, అటు తిరిగితే కళ్ళూ చేతులూ ఉన్న బుద్ధుడు. పాతదాన్ని కూల్చి కొత్తది కట్టలేదు. రూపం వద్దన్నవాళ్ళను వెళ్ళగొట్టలేదు, కావాలన్నవాళ్ళను కాదనలేదు. సరిసమానమైన రెండు ఇళ్ళు కట్టి, తేల్చుకోవడం భక్తుడికే వదిలేశారు. ఒక మతం తనలో తాను పడ్డ మథనాన్ని ఇంత మర్యాదగా ఇటుకల్లో పెట్టుకున్న చోటు నేను ఇంకొకటి చూడలేదు. మ్యూజియంలో నిలువెత్తును మించిన సున్నపురాతి బుద్ధుణ్ణి చూసినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆ విగ్రహం వెనక కొన్ని తరాల సందేహం ఉంది.

సింహళ విహారం దగ్గర గడప ముందు అర్ధచంద్రశిల ఉంటుంది. సగం చంద్రుడి ఆకారంలో నేలకు పరిచిన రాయి, కాలు పెట్టి లోపలికి దాటే చోటు. ఈ లోయలో దొరికిన అర్ధచంద్రశిలల్లో కొన్నింటి మీద జంతువులు వరసగా నడుస్తుంటాయి. శ్రీలంకలో అనూరాధపురం చూసినవాళ్ళకు ఇవి కొత్త కాదు. బోధిశ్రీ అనే ఉపాసిక వీరపురుషదత్తుడి పద్నాలుగో ఏట తామ్రపర్ణి, అంటే సింహళ, ఆచార్యుల కోసం చుళ్ళధమ్మగిరి మీద చైత్యగృహం కట్టించింది. ఆమె వేయించిన శాసనం ఆ ఆచార్యులు ధర్మం వినిపించిన దేశాల పేర్లు చెబుతుంది: కాశ్మీరం, గాంధారం, చీన, తోసలి, వంగ, వనవాసి, ద్రవిడం, ఇంకా ఎన్నో. పలనాటి కొండల మధ్య ఉన్న ఈ ఊరికి లోకం ఎంత పెద్దదో తెలుసు. సముద్రం మీద వచ్చిన భిక్షువులు తమ గడప రాయిని కూడా తెచ్చుకున్నారు.

నది ఒడ్డున దేవాలయాల కథ వేరు. సేనాపతి ఎలిశ్రీ సర్వదేవాలయం కట్టించి సంస్కృతంలో శాసనం వేయించాడు. ఆరామాల శాసనాలు ప్రాకృతంలో నడుస్తుంటే ఒడ్డున భాష మారిపోతుంది. ఎనిమిది చేతుల విష్ణువు అష్టభుజస్వామి గుడి దగ్గర ఆ స్వామి పేరు చెక్కిన శంఖం దొరికింది. అన్నిటికన్నా నాకు ముఖ్యం పుష్పభద్రస్వామి ఆలయం. ముందు శాసనమున్న ధ్వజస్తంభం, వెనక గర్భగుడి. ఆ గర్భగుడి గజపృష్ఠం, వెనక గుండ్రంగా తిరిగిన గోడ. బౌద్ధుల చైత్యగృహం ఆకారమే అది. దేవుడు వేరైనా చుట్టూ తిరిగే నడక ఒకటే కనుక గోడ కూడా అలాగే వంపు తిరిగింది. ఆ ఆకారం ఎక్కడికీ పోలేదు. అదే పల్నాడులో చేజర్ల కపోతేశ్వరాలయంలో ఇప్పటికీ అభిషేకాలు జరుగుతున్నాయి. ఆ గజపృష్ఠ గర్భాలయం ఒకప్పటి బౌద్ధ చైత్యమని చాలామంది పండితుల అభిప్రాయం. శిబి చక్రవర్తి పావురం కోసం ఒళ్ళు కోసి ఇచ్చిన కథను ఆ ఊరు తనదిగా చెప్పుకుంటుంది. ఆ కథ బౌద్ధులదీ, పురాణాలదీ కూడా.

బౌద్ధం రాకముందే ఈ లోయలో చనిపోయినవాళ్ళ చుట్టూ పెద్ద రాళ్ళు గుండ్రంగా పేర్చేవారు. మన పల్లెల్లో రాకాసి గుళ్ళు అంటారే, అవి. అస్థికల చుట్టూ గుండ్రటి హద్దు గీయడం ఈ నేలకు స్తూపం నేర్పిన పాఠం కాకపోవచ్చు.

1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. ఈ పనిని ఆయన గుడికి పునాది వేయడంతో పోల్చారు. అప్పటికే లోయలో పురావస్తు శాస్త్రవేత్త ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో తవ్వకాలు మొదలయ్యాయి. 1954 నుంచి 1960 వరకు ఆరేళ్ళు, నీళ్ళు రాకముందే అంతా చూసెయ్యాలన్న ఆత్రంతో లోయ మొత్తం తవ్వారు. 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. ఆ నీళ్ళు తాగిన పొలాలు ఎన్ని ఇళ్ళలో అన్నం పెట్టాయో మనందరికీ తెలుసు. ఆనకట్ట వద్దని ఎవరంటారు? కాని పోయినదాన్ని పోయిందనే చెప్పాలి.

కొన్ని కట్టడాలను విప్పి తెచ్చి కొండ మీదా, జలాశయం తూర్పు గట్టున అనుపు దగ్గరా తిరిగి కట్టారు. కొన్నింటికి నమూనాలు చేశారు. పని చేసినవాళ్ళ శ్రమకు చేతులెత్తి మొక్కాలి. అయితే కొలతలు వచ్చాయి, చోటు రాలేదు. నదిలోకి దిగాల్సిన స్నానఘట్టం మెట్లు కొండ నెత్తిన పొడిగా ఉన్నాయి. ఊరికి దూరంగా ఉండాల్సిన విహారం, ఒడ్డున ఉండాల్సిన యాగస్థలం, కొండవాలున ఉండాల్సిన చైత్యం ఇప్పుడు ఒకే తోటలో ఇరుగుపొరుగు. ఏది ఎటు చూసేది, ఎక్కడి నుంచి ఎంత నడిస్తే ఏది వచ్చేది అన్నది నేల మీద నిలబడి తెలుసుకునే వీలు లేదు. విజయపురిలో సగం అర్థం ఆ దూరాల్లోనే ఉండేది.

2022లో సాగర్ అవతలి గట్టున, తెలంగాణ వైపు, 274 ఎకరాల్లో బుద్ధవనం తెరుచుకుంది. అందులో అమరావతి స్తూపాన్ని తలపించే మహాస్తూపం 42 మీటర్ల వ్యాసం, 21 మీటర్ల ఎత్తుతో కాంక్రీటులో నిలబడింది. శిల్పాల పని శ్రద్ధగా ఉంది, పిల్లలను తప్పకుండా తీసుకెళ్ళాలి. దీనికి మాత్రం గుమ్మం ఉంది. లోపల బోలు, లోపలికి వెళ్ళి కూర్చుని బుద్ధుణ్ణి చూడవచ్చు. చుట్టూ నడవడం చాలని ఆనందుడి కాలం అనుకుంది, లోపలికి వెళ్ళి చూస్తే తప్ప మనకు తృప్తి లేదు. మనం కట్టే దానిలో మన నమ్మకం కూడా అలాగే బయటపడుతోంది.

ద్వీపానికి వెళ్ళేవాళ్ళకు ఒక మాట. విహారం రూపంలో కట్టిన మ్యూజియం 1966 నుంచి ఉంది. అందరూ లాంచీ దిగగానే దానిలోకి వెళ్ళి, తిరుగు లాంచీ వేళకు హడావుడిగా బయటి కట్టడాలు చూస్తారు. తలకిందులుగా చెయ్యండి. ముందు మహాచైత్యం చుట్టూ ఒక ప్రదక్షిణ, తరువాత సింహళ విహారం గడప దగ్గర కాసేపు, తరువాత స్నానఘట్టం మెట్లు. మ్యూజియం చివరికి ఉంచుకోండి. లోపల మునిగిన లోయ నమూనా ఉంటుంది. బయట చూసిన ఒక్కొక్క కట్టడాన్నీ దాని అసలు చోట వెదకండి, నదికి ఎంత దూరమో వేలితో కొలవండి. ఎండాకాలం తప్పిస్తే మంచిది, ఆ కొండ మీద నీడ తక్కువ. మరునాటికి సమయముంటే అనుపు వెళ్ళి రంగస్థలం మెట్ల మీద కూర్చుని రండి.